ఆళ్లకిచ్చీసినారా? పర్లాకిమిడిలో ఒక వేట ఆల్బమ్ కేసు

పేషెంటు వయసు 79. ఊరు పర్లాకిమిడి. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ల కిందట విశాఖలో న్యూరాలజిస్టు అల్జైమర్స్ అని తేల్చారు, దానికిచ్చే డోనెపెజిల్ మందు నడుస్తోంది. నాకు రాసిన రిఫరల్ కాగితంలో ఉన్నదల్లా ఒక్క ముక్క: సాయంత్రం పూట ఆందోళన, ఒకే ప్రశ్న పదే పదే.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఆ పేరు వినగానే మోకాళ్లు చూపించేవాళ్లే ఎక్కువ. ఫిజియోథెరపీ వేరు, మాది వేరు. స్నానం, బట్టలు, కాఫీ కలుపుకోవడం, చిల్లర లెక్కపెట్టడం లాంటి రోజువారీ పనుల్లో మనిషికి ఏది ఇంకా చేతనవుతోంది, ఏది జారిపోతోంది అని చూసి, చేతనైనదాన్ని నిలబెట్టడం మా పని. వారానికి రెండు రోజులు పాతపట్నం వైపు ఇళ్లకు వెళ్తాను. పాతపట్నం ఆంధ్రా, దాన్ని ఆనుకునే ఉన్న పర్లాకిమిడి ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. మాట మాత్రం ఎటూ వెళ్లలేదు. బజార్లో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది.

ఇంటివాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనకు అర్థమయ్యే రోజున ఆయన్నీ అడిగాను. మనుషుల్ని గుర్తుపట్టించే వివరాలు మార్చాను.

ఆ ప్రశ్న ఇది: "ఆళ్లకిచ్చీసినారా?"

పొద్దు వాలుతుండగా మొదలవుతుంది. మొదట మామూలుగా అడుగుతారు. "ఇచ్చేశాం మావయ్యగారూ" అంటే సరే అంటారు. రెండు నిమిషాలకు మళ్లీ అడుగుతారు. ఆరు దాటాక గొంతు పెరుగుతుంది, లేచి గుమ్మం దాకా వెళ్లి వస్తారు, చేత్తో ఎడమ తుంటి తడుముకుంటారు. మధ్యలో ఏవో ముక్కలు గొణుగుతారు, అవి తెలుగూ కావు, ఒడియా కూడా కాదు. మతి పోయి నోటికొచ్చిన శబ్దాలు చేస్తున్నారని ఇంట్లో అనుకున్నారు. కోడలు నోట్‌బుక్‌లో గీతలు పెట్టి లెక్క చూస్తే సాయంత్రానికి పదిహేను, పదహారు సార్లు తేలింది.

ఇంట్లో డబ్బు వ్యవహారమంతా ఆ కోడలిదే. "నన్నే అనుమానిస్తున్నారండీ, పాలవాడి బాకీ ఎగ్గొట్టానన్నట్టు అడుగుతున్నారు" అని మొదటి రోజే కళ్లనీళ్లు పెట్టుకుంది. పాలపుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టిందట, ఆయన దాన్ని చూడనైనా లేదు. కొడుకు ఆలోచన వేరు. నాన్న ఎక్కడో పాత అప్పు చేసి ఉంటారని, మిల్లు రోజుల కాగితాలన్నీ తిరగేశాడు. అంతకుముందు ఒక డాక్టరు సాయంత్రానికి మత్తుమందు రాస్తే, ప్రశ్న తగ్గలేదు గానీ ఆయన బాత్రూంలో పడ్డారు. దాంతో ఆ మందు మానేశారు. యూరిన్ ఇన్ఫెక్షన్, బి12, థైరాయిడ్ అప్పటికే చూసేశారు. చెవిలో గుబిలి తీయిస్తే వినికిడి కొంచెం మెరుగైంది, అంతకుమించి మార్పు లేదు.

పాత ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఫోటోలు, పాటలు, పాత వస్తువులు ముందు పెట్టి గతం మాట్లాడించడం మా వృత్తిలో ఎప్పటినుంచో ఉన్నదే. ముసలితనంలో వెనక్కి చూసుకోవడం జబ్బు లక్షణం కాదు, సహజమైన పని అని 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు రాశాక దీనికి గౌరవం వచ్చింది. అలాగని మంత్రమేం కాదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచి 2018లో తెచ్చిన కాక్రేన్ సమీక్ష కూడా లాభం ఉంటే చిన్నదేనని, పద్ధతిని బట్టి మారుతుందని తేల్చింది. మొదటి రోజే ఇంటివాళ్లకు ఆ సంగతి చెప్పేస్తాను. ఫోటో చూపిస్తే మనిషి తిరిగొస్తాడని ఆశ పెట్టుకుంటారు, అది తప్పు.

"పెళ్లి ఫోటోలు మూడే ఉన్నాయి. వేట ఆల్బమ్ ఒకటుంది గానీ అందులో నాన్న లేరు" అన్నాడు కొడుకు.

ఆయన పంతొమ్మిదో ఏట ఒక కలప కాంట్రాక్టర్ దగ్గర గుమాస్తాగా చేరారట. 1962 నుంచి ఐదారేళ్లు అక్కడే. కాంట్రాక్టరుకు వేట పిచ్చి. పర్మిట్ తీసుకుని వేటాడే రోజులవి. మహేంద్రగిరి వాలు, రామగిరి, ఉదయగిరి వైపు జీపులో వెళ్లేవారు. తర్వాత 1970లో పులివేట ఆగింది, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఆ కథ ముగిసింది.

ఆల్బమ్ నల్ల అట్టలది, మైదా జిగురుతో అంటించిన ఫోటోలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొట్టిన వానకు పెంకుల్లోంచి నీళ్లు కారి, అడుగు పేజీలన్నీ ఒకదానికొకటి కరుచుకుపోయాయి. అంటుకున్నవాటిని లాగవద్దని చెప్పాను. లాగితే బొమ్మ పైపొర ఎదుటి పేజీకి వెళ్లిపోతుంది. విడిగా మిగిలినవి ముప్పై ఒకటి. అన్నీ రెండుంబావు అంగుళాల చదరం ముక్కలు, బాక్స్ కెమెరాలో 120 ఫిల్ము వేసి తీసి, నెగటివ్ సైజులోనే ప్రింటు వేయించినవి. వాటిని స్కాన్ చేయించి ఏ4 సైజులో మ్యాట్ కాగితం మీద ప్రింట్లు తీయించాను. నిగనిగలాడే గ్లాసీ కాగితం వద్దు. శుక్లాలున్న కంటికి ఆ మెరుపులో బొమ్మ కనబడదు. ఒకసారికి ఒక్క ఫోటోనే చూపించాలి. ఆల్బమ్ మొత్తం ఒళ్లో పెడితే పేజీలు తిప్పడమే పనైపోతుంది.

మనవడికి అందులో ఒకే ఫోటో నచ్చింది. చచ్చిన చిరుత మీద కాలు మోపి, డబుల్ బ్యారెల్ తుపాకీ నేలకు ఆనించి నిలబడ్డ కాంట్రాక్టరు. వాట్సాప్ స్టేటస్ పెడతానన్నాడు, వాళ్ల నాన్న బెదిరిపోయాడు. ఫోటో వల్ల వచ్చే గొడవేమీ లేదు, గుమ్మం మీద వేలాడుతున్న కణుజు కొమ్ములకు ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉందో లేదో ముందు చూసుకోమన్నాను. ఫారెస్టు ఆఫీసులో అడగాల్సిన విషయమది, నా పరిధి కాదు.

నేను చేసిన రెండు తప్పులు

నేనూ మనవడిలాగే చిరుత ఫోటోతోనే మొదలుపెట్టాను. సినిమాల్లో చూసి చూసి, పాత వేటగాడంటే లోపల పశ్చాత్తాపం ఉంటుందని ఒక లెక్క వేసుకున్నాను. "ఆళ్లకి" అంటే చంపిన జంతువులకేమో, ఏదో మొక్కు బాకీ ఉందేమో అని నోట్స్‌లో కూడా రాసుకున్నాను. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. మూడు వారాలు ఆ దారిలోనే తవ్వాను.

"ఇదెవరు బాబాయిగారూ?" అని అడిగాను. ఆయన ఫోటో చూశారు, నన్ను చూశారు, పక్కకు తిరిగారు. ఇంకొకటి చూపించి "ఇదెక్కడ?" అన్నాను. "నీకెందుకమ్మా" అన్నారు. పరీక్ష పెడుతున్నానని ఆయనకు అర్థమైంది. పేరు గుర్తు లేదని ఒప్పుకోవడం కన్నా విసుక్కోవడమే మర్యాదగా తోచి ఉంటుంది. చిరుత ఫోటో మీద ఆయన సొంతంగా అన్నది ఒక్కటే మాట: "ఎండ ఎదరనుంచొచ్చింది. మొకం నల్లగైపోనాది."

ఆ మాటను పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

రెండో తప్పు టైము. పాతపట్నం విజిట్లు ముగించుకుని వచ్చేసరికి అయిదయ్యేది, నా వీలు కొద్దీ అదే టైము పెట్టాను. ఆందోళన మొదలయ్యే వేళకే ఫోటోలు ముందు పెట్టానన్నమాట. నాలుగో సెషన్ రాత్రి రెండు గంటలకు ఆయన లేచి, చేతికర్ర పట్టుకుని, వీధి తలుపు గడియ తీసి, జీపు వచ్చిందా అని అడుగుతూ మెట్లు దిగారు. కొడుకు పరిగెత్తి పట్టుకున్నాడు. ఆ వారం కోడలి నోట్‌బుక్‌లో గీతలు ఇరవై రెండుకు చేరాయి. నేను ఫోన్‌లో క్షమాపణ చెప్పి, సెషన్లు పది రోజులు ఆపేసి, తర్వాత ఉదయం తొమ్మిదికి మార్చాను.

నీడ

ఉదయం సెషన్లలో ప్రశ్నలు మానేశాను. ఫోటో ఆయన చేతికిచ్చి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని. ఇది టెక్నిక్కేనా అని ఒక జూనియర్ అడిగింది. టెక్నిక్కే. చేతిలో పనున్న మనిషి ఎదుటివాళ్ల మొహం మీదికి చూపు పెట్టదు.

పదకొండో ఫోటోలో వేటా లేదు, జంతువూ లేదు. ఒక చదునైన చోట వరసగా నిలబడ్డ మనుషులు, నడుముకు గుడ్డ, కొందరి చేతుల్లో డప్పులు, ఒకరిద్దరి భుజాన గొడ్డళ్లు. అడవి ఒక చివరి నుంచి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ జంతువుల్ని మంచె వైపు తోలడానికి పిలిచిన సవరలు, ఆ కొండల్లోని గిరిజనులు. ఇంటివాళ్లు ఈ ఫోటోను "ఇదేం లేదు" అని పక్కన పెట్టేశారు. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. చూపుడు వేలు పెట్టి ఫోటో అడుగున గీత గీసినట్టు జరుపుతున్నారు. మొహాల మీద కాదు, నేల మీద.

అప్పుడు చూశాను. ఫోటో అడుగు అంచు నుంచి ఒక నీడ లేచి, వరసలో ఉన్నవాళ్ల పాదాల దాకా పోయింది. మోచేతులు రెండూ ఒంటికి దగ్గరగా, తల వంచి ఉంది. బాక్స్ కెమెరాను నడుము పైన పట్టుకుని, పైనుంచి అద్దంలోకి చూస్తూ బొమ్మ తీయాలి. ఎండ వీపు వైపు ఉండాలన్నది ఆ రోజుల్లో కెమెరా పట్టిన ప్రతివాడికీ తెలిసిన సూత్రం. ఆ నీడ ఫోటో తీసినవాడిది. ఎడమ తుంటి దగ్గర నీడ సంచిలా ఉబ్బి ఉంది.

"ఇది మీరేనా బాబాయిగారూ?" అనలేదు. నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "సంచి బరువుగా ఉన్నట్టుంది" అన్నాను.

"చిల్లరకదమ్మా" అన్నారు. "నోట్లిస్తే ఆళ్లు తీసుకోరు."

ఆ మనుషుల గురించి ఆయన నా దగ్గర అన్న మొదటి మాట అది. ముప్పై ఒక్క ఫోటోల్లో ఆయన లేకపోవడానికి కారణం అన్నీ ఆయనే తీయడం. కాంట్రాక్టరు తుపాకీ పట్టుకుంటే, గుమాస్తా కెమెరా, డబ్బు సంచీ పట్టుకునేవాడు. నీడ అంత పొడుగు సాగిందంటే పొద్దు వాలింది. అంటే తోలడం అయిపోయి, కూలి పంచే వేళ. అడవిలో చీకటి పడకముందే పంచెయ్యాలి, వాళ్లు కొండెక్కి ఊళ్లకు పోవాలి. అరవై ఏళ్ల తర్వాత కూడా పర్లాకిమిడి వరండాలో ఎండ ఆ వాలుకు వచ్చేసరికి ఆయన చెయ్యి తుంటి మీదికి పోతోంది. ఆ వేళకు ఆయన దగ్గర సంచి లేదు, వరసలో మనుషులూ లేరు. ఇంట్లో వాళ్లేమో పాలపుస్తకం చూపిస్తున్నారు.

ఆ గొణుగుడు సంగతి నా తెలివి వల్ల బయటపడింది కాదు. కోడలు పుట్టింటికి వెళ్లిన వారంలో ఆయన్ని చూసుకోవడానికి గుమ్మ అనే ఊరి వైపు నుంచి ఒక సవర అమ్మాయి వచ్చింది. రెండో సాయంత్రమే నవ్వుతూ చెప్పిందట: "తాత మా భాషలో లెక్క పెడుతున్నాడు." బగు, యాగి, ఉంజి అంటే రెండు, మూడు, నాలుగు. ఫోన్‌లో విని నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సవరలో లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది. పన్నెండు మిగ్గల్. పదమూడంటే పన్నెండు మీద ఒకటి, పధ్నాలుగంటే పన్నెండు మీద రెండు. మనలాగా పది మీద కట్టరు. మతి పోయిన మాటలని అందరం అనుకున్నది, ఒక కుర్ర గుమాస్తా కూలీల ముందు వాళ్ల భాషలోనే, వాళ్లకు అనుమానం రాకుండా పైకి పెట్టిన లెక్క.

ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊళ్లో ఉండి, ఆ కేసు చూస్తూ, మూడో భాష ఒకటుంటుందని నాకు తట్టకపోవడం చిన్న విషయమేం కాదు. మెమరీ టెస్టు తెలుగులో చేశారు, అంతే. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా, అంటే అల్జైమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. దాన్ని ట్రైనింగుల్లో నేనే చదివి వినిపిస్తుంటాను. పేషెంటు ఎన్ని భాషల్లో బతికాడని కేసు షీటులో అడిగే గడి మాత్రం నా దగ్గర లేదు. ఇప్పుడు పెట్టాను.

కూలి పుస్తకం

ప్రశ్నకు జవాబు చెప్పడం ఆపేశాం. "ఇచ్చేశాం" అంటే ఆయన నమ్మరు, నమ్మకూడదు కూడా. ఇవ్వాల్సింది ఆయన. వేరే ఎవరో ఇచ్చేశామంటే గుమాస్తా ఊరుకుంటాడా?

సాయంత్రం అయిదుంబావుకు, అంటే ప్రశ్న మొదలయ్యే ముందే, వరండాలో పీట వేసి, రూళ్ల పుస్తకం, పెన్ను, గుడ్డసంచిలో చిల్లర పెట్టించాను. కూలి ఎంత అని నేను అడగలేదు. నాణేలు చూడగానే ఆయనే "మనిషికి ముప్పావలా" అన్నారు. అర్ధరూపాయి బిళ్ల ఒకటి, పావలా బిళ్ల ఒకటి. పావలాలు 2011 జూన్ 30తోనే చెలామణి నుంచి పోయాయి, కొట్లో దొరకవు. కోడలి పుట్టింట్లో దేవుడి హుండీ పగలగొడితే పద్దెనిమిది దొరికాయి. అర్ధరూపాయి బిళ్లలు నేనే పోగుచేశాను.

మొదటి సాయంత్రం ఆయన ఒక అర్ధరూపాయి మీద ఒక పావలా పెట్టి, చిన్న స్తంభాల్లా వరస పేర్చారు. ఒక్కో స్తంభం పెడుతూ సవరలో అంకె పలికారు. వేళ్లు వణుకుతున్నా వరస వంకర పోలేదు. చొక్కా గుండీ పెట్టుకోలేని చేతులవి. తర్వాత పుస్తకంలో ఒక్కో గీత గీసి, అడుగున సంతకం పెట్టి, తేదీ వేయమంటే 1964 వేశారు. మేం సరిదిద్దలేదు.

ఇది మోసం కాదా అని కొడుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. లేని కూలీలు ఉన్నారని మేం ఎవరమూ చెప్పలేదు, చెప్పబోమని ముందే అనుకున్నాం. ఆయన "ఆళ్లేరి?" అని అడిగితే "ఈరోజు ఎవరూ రాలేదు, లెక్క సిద్ధంగా ఉంది" అనమన్నాను. ఆ రెండూ నిజాలే. ఇంతకన్నా పరిశుభ్రమైన దారి నాకు దొరకలేదు. నా తోటివాళ్లలో కొందరికి ఈ పద్ధతి నచ్చలేదు కూడా.

మొదటి వారం గీతలు పదకొండుకు, మూడో వారానికి నాలుగైదుకు దిగాయి. మబ్బు పట్టిన రోజు ఎండ వాలడం తెలియదు కాబట్టి గడియారం చూసి కూర్చోబెట్టినా కుదరలేదు, ఆ రోజుల్లో పదికి తగ్గలేదు. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు మొదటికొచ్చింది. జ్ఞాపకశక్తి ఏమాత్రం మెరుగుపడలేదు, మనవడి పేరు ఇప్పటికీ తప్పే చెప్తారు. మారింది సాయంత్రం ఒక్కటే. కోడలు ఆ టైములో టీ పెట్టుకుని ఆయన పక్కనే కూర్చోగలుగుతోంది. పాలపుస్తకం మళ్లీ వంటింట్లో మేకుకు వేలాడుతోంది.

ఒక విషయం తేలలేదు. ఫోటోలో నిలబడ్డవాళ్లు పదమూడు మంది. ఏ4 ప్రింటు మీద పెన్సిల్ పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాను. ఆయన మాత్రం ప్రతి సాయంత్రం పన్నెండు మీద రెండు దాకా లెక్కపెడతారు, పధ్నాలుగు స్తంభాలు. పదమూడింటికి పుస్తకంలో గీత పడుతుంది. పధ్నాలుగోదాన్ని వేలితో పక్కకు జరుపుతారు, గీత గీయరు. వంటవాడిదా, దెబ్బ తగిలి రాలేకపోయినవాడిదా, ఫోటోకు మొహం చూపనన్నవాడిదా, లేక ఆయన సొంత కూలేనా? కొడుకు ఆ ఫోటో పట్టుకుని ఉదయగిరి వైపు రెండు ఊళ్లు తిరిగొచ్చాడు. ఒక ముసలావిడ కొండ వాలును గుర్తుపట్టిందట గానీ మనుషుల్ని పట్టలేకపోయింది.

కిందటి నెల నేను వెళ్లిన సాయంత్రం కోడలే అడిగేసింది, నేను వద్దని సైగ చేసేలోపే.

"అది ఎవరికి మావయ్యగారూ?"

ఆయన సంచి మూతి తాడు బిగించి, ముడి వేసి, ఆ ముప్పావలాని పీట చివర గోడ వైపు పెట్టారు.

"ఆడొస్తాడు," అన్నారు. "దీపం పెట్టు."